వెల కట్టిన దానము

విశాఖపట్టణపు రేవున ఓడ ఎక్కినవాడు రెండు రాత్రులు గడిపి, మూడవ పగటికి గాని అండమాను నేల చూడడు. ఆ ప్రయాణములో సముద్రము తనకు తోచినట్లు ఊపివైచిన శరీరము గట్టున కాలు మోపిన తరువాత సైతము ఒక పూట వరకు ఊగుచునే యుండును. అట్లు ఊగుచున్న తలతోనే నేను పోర్టు బ్లెయరులోని డిగ్నాబాదు పేటలో ఒక తెలుగువారి యింట దిగితిని. 2024 నుండి ఆ ఊరికి శ్రీ విజయపురమని పేరు పెట్టినారు గాని, మా ఆతిథేయుల నోట పాత పేరే నానుచుండెను. ఆ యింటి పెద్దావిడ శ్రీకాకుళపు సముద్రతీరమునుండి పెనిమిటి వెంట ఈ దీవికి వచ్చి, ఇక్కడనే బిడ్డలను కని, పెంచి, మనుమలకు పెండ్లిండ్లు చేసిన మనిషి. నా ముఖము చూడగానే సంగతి గ్రహించి, కిటికీ ప్రక్క గూటిలోనుండి చిన్న సీసా యొకటి తీసి, మూత త్రిప్పి, నా చేతిలో పెట్టెను.

"తలకాయ నొప్పేస్తన్నాదా బాబూ? కూసింత నొసటికి రాసుకోండి. ఆ రోజుల్ల వోడలో మేమందరం దీంతోనే గట్టెక్కినాం."

పసుపుపచ్చని లేపనము. వ్రేలికొనతో తీసి కణతలకు పట్టించునప్పటికి ముందు చల్లన, ఆ వెంటనే మంట, ఆ మంట తగ్గులోగా కర్పూరమును నీలగిరి తైలమును కలిసిన ఘాటు ముక్కుపుటములలోనికి ఎక్కి కన్నుల నీరు తిరుగుట — తెలుగు దేశమున పుట్టి పెరిగినవానికి ఈ క్రమము వర్ణింపవలసిన పనిలేదు. మా తాతల కాలమునుండియు ఇంటింట జ్వరమునకును, జలుబునకును, పరీక్షల ముందటి రాత్రికిని ఆ వాసనయే గుర్తు. ఆ సీసాలోని మందు నా తలనొప్పిని ఎంతవరకు మాన్పెనో చెప్పజాలను. కాని ఆ సీసా వెనుక నిలిచియున్న ఒక మనిషిని మాత్రము ఆ దీవిలో ఆ పూటంతయు నాకు జ్ఞప్తికి తెచ్చుచుండెను. ధనము గడించుట యెట్లో తెలిసిన తెలుగువారు అనేకులు కలరు. గడించిన దానిని ఏమి చేయవలెనో అంత స్పష్టముగా ఆలోచించినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ కొలదిమందిలో ఒకడు.

ఆయన 1867 మే 1వ తేదీన కృష్ణా మండలమున ఎలకుర్రు గ్రామములో జన్మించెను. బందరులో చదివి, చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలనుండి పట్టము పుచ్చుకొని, ఆ కాలపు పట్టభద్రులకు సహజమైన వకీలు వృత్తిని గాని, తాసీల్దారీని గాని ఆశింపక, వర్తకమునకు పోయెను. కలకత్తాలో కొంతకాలము, పిదప బొంబాయిలో ఒక ఐరోపా వర్తకసంస్థలో ఉద్యోగము. మందుల వ్యాపారపు మెలకువలు ఆ రెండు నగరములే ఆయనకు నేర్పెను. ఆ సీసాలోని మందు, అనగా ఆయన అమృతాంజనము, 1893లో పుట్టినది బొంబాయిలోనే. ఆ నగరమున నాటికే నూలుమిల్లుల పొగగొట్టములు లేచి, గుజరాతీ వణిక్కులును పార్శీ శ్రేష్ఠులును కోట్లకు పడగలెత్తుచుండిరి. వారి నడుమ ఒక తెలుగు బ్రాహ్మణుడు తలనొప్పి మందు అమ్ముకొని నిలద్రొక్కుకొనుట సామాన్యమైన సంగతి కాదు.

ఆ మందును ఆయన అమ్మిన విధము గమనింపదగినది. సంగీత సభలు జరుగు చోట్లకు పోయి, శ్రోతలకు దానిని ఉచితముగా పంచిపెట్టించెను. గానసభకు వచ్చువారు కలిగినవారు, చదివినవారు, ఒకరికొకరు చెప్పుకొనువారు. ఇంటికి పోయి తలనొప్పి వచ్చినప్పుడు ఆ మందు జ్ఞప్తికి వచ్చునని ఆయన గ్రహించెను. ఊరక ఇచ్చినది మరునాటికి వెలపెట్టి కొనబడునను ఈ సూత్రము నేటి ప్రకటనకర్తలకు పాఠము వంటిది. నాటికి మాత్రము అది సాహసమే. పలుకుబడి పెరిగిన కొలది సీసా తరువాత సీసాగా, అణా తరువాత అణాగా ధనము వచ్చి చేరెను. అది జమీందారు భూములనుండి శిస్తుగా వచ్చిన ధనము కాదు. మిల్లు యజమానునికి కూలివాని చెమటలోనుండి వచ్చు ధనమును కాదు. లక్షలమంది నొసళ్లనుండి తలకింత చొప్పున వచ్చినది. ఈ సంగతి ఆయన తలపులలో చిరకాలము పనిచేసియుండునని నా ఊహ. అంతమంది నొసళ్లు ఇచ్చిన ధనమునకు ఆ నొసళ్ల లోపలి భాగమునకు ఏదో ఒకటి తిరిగి ముట్టజెప్పవలసిన బాధ్యత కలదని ఆయనకు తోచియుండును. ఊహయని ముందుగానే ఒప్పుకొనుచున్నాను. ఆయన చేసిన పనులన్నియు ఆ త్రోవనే నడిచినవి గనుక ఈ ఊహను విడువజాలకున్నాను.

ధనికుని ధర్మమేమన్న ప్రశ్నకు మన పూర్వులు ఒక సిద్ధమైన సమాధానము చేసియుంచిరి. చెరువు త్రవ్వించుట, నిధిని నిక్షేపించుట, అగ్రహారము ఇచ్చుట, దేవాలయము కట్టించుట, వనము నాటించుట, కృతి నందుట, పుత్రుని కనుట — ఇవి సప్తసంతానములు. వీనిలో ఆరు కంటికి కనబడునవి. కృతి యను ఏడవది మాత్రము వినువారు కలిగినప్పుడే జీవించును. పూర్వము రాజు కృతిభర్త యగుట యనగా కవి తన కావ్యమును రాజు పేర అంకితము చేయుట, రాజు దానికి ప్రతిగా అగ్రహారమో, మణికుండలములో ఇచ్చుట. ఆ కావ్యము తాటియాకులమీద ఉండి, చదువ నేర్చిన నూరుమంది చేతులలో తిరుగును. నాగేశ్వరరావు పంతులు ఈ సప్తసంతానములలో మిగిలిన ఆరింటిని ఇంచుమించుగా ప్రక్కకు నెట్టి, ఈ యొక్కదానిమీదనే తన ఐశ్వర్యమును క్రుమ్మరించెను. అయితే కృతిని తాను అందుకొనుటకు బదులుగా, దానిని అందరి చేతికిని అందించెను. ఆయనను తెలుగువారు "విశ్వదాత" యనిరి, "దేశోద్ధారకుడు" అనిరి. నన్నడిగిన యెడల ఆయన చేసినది కృతిభర్తృత్వమును ప్రజలకు పంచిపెట్టుట.

1907లో సూరతు కాంగ్రెసునకు పోయి వచ్చిన తరువాత, దేశమున జరుగు వృత్తాంతములు తెలుగువారికి తెలుగులో తెలుపు పత్రిక యొకటి ఉండవలెనని ఆయనకు పట్టుదల కలిగెను. 1908లో "ఆంధ్ర పత్రిక" వారపత్రికగా బొంబాయిలోనే వెలువడెను. బొంబాయి పేటలలో ఇండ్లు కట్టు తెలుగు కూలీలనుండి, గోదావరి తీరపు గ్రామకరణము వరకు చదువదగిన పత్రికను, తెలుగు అక్షరములు కూర్చువారే అరుదైన నగరమునుండి వెలువరించుట వ్యాపారదృష్టికి వెర్రియే. ఆరేండ్లకు ఆ వెర్రి ముదిరి, 1914 ఏప్రిలు 1వ తేదీన చెన్నపట్టణమున దినపత్రిక యయ్యెను. నాలుగు నెలలు తిరుగకముందే ఐరోపాలో మహాయుద్ధము పుట్టుటతో, పల్లెలో రచ్చబండ చుట్టును జనము గుమిగూడి ఒకడు చదువగా పదిమంది వినునట్టి అలవాటు ఆ పత్రికతో పాటే తెలుగుదేశమున నెలకొనెను. ఉగాది ఉగాదికి వెలువడిన సంవత్సరాది సంచికలు బొమ్మలతో, కథలతో, శాస్త్రవ్యాసములతో ఇంటికి వచ్చు పండుగసరుకులలో ఒకటియై పోయెను. 1924 జనవరిలో "భారతి" మాసపత్రిక. శాసనములు, ఛందస్సు, చరిత్ర, చిత్రకళ, నవ్యకవిత్వము — పండితుడు పెదవి విరుచుట, యువకుడు కన్నెఱ్ఱజేయుట రెండును ఒకే పత్రికలో జరుగవచ్చునని తెలుగువారికి తెలిపినది అదియే. 1926లో "ఆంధ్ర గ్రంథమాల". పాల్కురికి సోమనాథుని బసవపురాణము వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణముతో ఆ మాలలోనే ఆ యేడు వెలువడెను.

కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును ఆరంభించి, "అ" అక్షరము దాటకమునుపే 1923లో కన్నుమూసిరి. సగములో నిలిచిన గ్రంథమును ఎత్తుకొనుట, క్రొత్త గ్రంథము ఆరంభించుటకంటె కష్టము. క్రొత్తదానికి పేరు వచ్చును, పాతదానికి బరువు మాత్రమే వచ్చును. పంతులు ఆ బరువును ఎత్తుకొని, మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి పండితులను తోడుచేసికొని, పరిష్కరించి ప్రకటింప పూనెను. ఆ పనియు ఆయన జీవితకాలమున పూర్తి కాలేదు. అయినను "అ" నుండి కదలని గ్రంథమునకై ఒక వర్తకుడు తన లాభములను ఏండ్ల తరబడి వెచ్చించెనన్న సంగతి, ఆ గ్రంథములోని ఏ వ్యాసముకంటెను తక్కువ విజ్ఞానము కాదు.

ఇక నాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించిన విషయము వేరొకటి కలదు. ఈ పత్రికలన్నిటికి ఆయన చందా పెట్టెను. గ్రంథమాలలోని పుస్తకములకు వెల పెట్టెను. చౌకవెలయే, పల్లెటూరి బడిపంతులు సైతము పెట్టగల వెలయే, ఖర్చు రాని వెలయే. కాని వెల వెలయే. గ్రంథాలయములకు పుస్తకములు ఊరక ఇచ్చిన సందర్భములు లేకపోలేదు. పేద విద్యార్థులకును, చిక్కున పడిన కవులకును, ఉద్యమములకును ఆయన చేయి ముందుగా చాచెనని ఆయనను ఎరిగినవారు ఏకకంఠముగా చెప్పుదురు. అయినను తన దానములలో పెద్దదానికి ఆయన వెల కట్టెను. తన వ్యాపారవస్తువును మాత్రము సభలలో ఊరక పంచెను. అమ్మవలసినదానిని ఊరక ఇచ్చి, ఊరక ఇవ్వదగినదానిని అమ్మిన ఈ విపర్యాసము యాదృచ్ఛికమని నేను తలపను.

ఊరక ఇచ్చిన అన్నము తిన్నవాడు దీవించును. ఊరక ఇచ్చిన పుస్తకమును తీసికొన్నవాడు గూట పెట్టును. రెండణాలు పెట్టి కొన్నవాడు చదువును, చదివి తగవు పెట్టుకొనును, పత్రికాధిపతికి కోపముతో ఉత్తరము వ్రాయును. చందాదారునకు కోపించు అధికారము కలదు, యాచకునకు లేదు. పంతులు తెలుగుదేశమున తయారు చేయదలచినది ఆ కోపించు అధికారము కలవారిని. ఉప్పు సత్యాగ్రహమునకు పోయి తానును చెరసాల చూచిన మనిషి, చెరలో కూర్చుండి భగవద్గీతకు వ్యాఖ్య వ్రాసిన మనిషి, గీతలో దానమును సాత్త్వికము, రాజసము, తామసమని మూడుగా విడదీసిన విభాగము తెలియనివాడు కాడు. ప్రతిఫలము కోరి ఇచ్చునది రాజసము. ఈయవలెనని ఇచ్చునది సాత్త్వికము. పుచ్చుకొనువానిని చిన్నబుచ్చి, అవమానించి ఇచ్చునది తామసము. పుచ్చుకొనువాని చేత రెండణాలు పెట్టించుటవలన ఆ మూడవ దోషము దరిజేరదు.

ఈ ఆలోచనకు సముద్రములకు ఆవల ఒక సోదరుడు కలడు. స్కాట్లాండులో నేతగాని కొడుకై 1835లో పుట్టి, అమెరికాలో ఉక్కుచే కుబేరుడైన ఆండ్రూ కార్నెగీ, 1889లో ఐశ్వర్యమును గురించి ఒక వ్యాసము ప్రకటించెను. మిగులుధనము సంఘమునదే, ధనికుడు దానికి నిర్వాహకుడు మాత్రమే, దానిని తన జీవితకాలముననే సద్వినియోగము చేయవలెను, చేయక ధనవంతుడుగా చచ్చుట అప్రతిష్ఠ — ఇది దాని సారాంశము. ఆయన ధనముతో ప్రపంచమున 2,509 గ్రంథాలయములు వెలసెను. ఆయనయు ఊరక ఈయలేదు. భవనమునకు ధనమిచ్చును గాని, ఏటేట ఆ మొత్తములో పదియవ వంతు ఆ ఊరివారు తమ పన్నులనుండి నిర్వహణకు ఇచ్చెదమని ప్రతిజ్ఞ చేయవలెను. పుచ్చుకొనువానిని భాగస్వామిని చేయుట అక్కడను కానవచ్చును. కాని ఆ వ్యాసము వెలువడిన మూడేండ్లకే, 1892లో, ఆయన హోంస్టెడ్ కర్మాగారమున కూలివారి సమ్మెను భగ్నము చేయుటకు ఆయుధధారులను దింపిరి. రెండువైపులను మనుష్యులు మరణించిరి. పగలు కూలి తగ్గించినవాడు రాత్రి దీపము వెలిగించి పుస్తకము చూపుట ఏమి ధర్మమని నాడే అడిగినవారు కలరు. వారి ప్రశ్నకు నేటికిని నాకు సమాధానము తోచదు. ఆ విషయమున బొంబాయి తలనొప్పి మందు కార్నెగీ ఉక్కుకంటె నిరపాయమైనది. మన మహాత్ముడు పిదపకాలమున చెప్పిన ధర్మకర్తృత్వమును, అనగా ధనికుడు తన ధనమునకు స్వామి కాక ధర్మకర్త యనుటను, ఆయన చెప్పకమునుపే ఆచరించుచుండిన కొలదిమందిలో పంతులు ఒకడు.

ఇంతవరకు పంతులను పొగడితిని. ఇక రెండవ ప్రక్కకు వత్తును. డిగ్నాబాదులో తలనొప్పి తగ్గి సాయంకాలము సముద్రపు గాలికి బయట కూర్చున్నప్పుడు, ఈ బంగాళాఖాతము నలుదిక్కులను చెదరిన తెలుగువారిని తలచుకొంటిని. కాకినాడనుండి రంగూనునకు పోవు ఓడలు ఈ దీవులకు ఉత్తరముగా సాగుచుండెడివి. గోదావరి ముఖమున ఉన్న కోరంగి రేవు 1839 నాటి ఉప్పెనకు కొట్టుకొనిపోయి మరల లేవలేదు గాని, బర్మాలో తెలుగువానికి "కోరంగీ" యనియే పేరు నిలిచిపోయెను. ఆ కోరంగి ప్రాంతమున పుట్టి, రంగూను రేవునకు పోయి, ఓడలకు సరకు ఎక్కించు దింపు కంట్రాక్టులలో గొప్ప ధనికుడైన మనిషి మల్లాడి సత్యలింగ నాయకరు. 1915లో ఆయన మరణించెను. తన ఐశ్వర్యమును ధర్మకార్యములకు వినియోగింపవలెనని మరణశాసనము వ్రాసిపోయెను. కాకినాడ జగన్నాథపురమున ఆయన పేర ధర్మసంస్థయు, విద్యాలయములును వెలసెను. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలివారికిని బర్మావారికిని ఘోరమైన కొట్లాటలు జరిగెను. 1942లో జపానువారు రాగా మిగిలినవారు అడవులబడి నడిచి వచ్చిరి. రంగూనులో తెలుగువారు గడించినదంతయు రంగూనులోనే పోయెను. నాయకరు ధనము మాత్రము, ఆయన దానిని ముందుగానే సముద్రము దాటించి ఒక శాసనమునకు కట్టివేసియుండుటచే, నిలిచెను.

ఇక్కడనే నాకు సంశయము. నాయకరు ధనమును కాగితమునకు కట్టెను, పంతులు చేతితో ఇచ్చెను. కాగితమునకు కట్టినది దాత పోయినను పోదు. పదిమంది ధర్మకర్తలు మారుదురు, వ్యాజ్యములు వచ్చును, ప్రభుత్వము కలుగజేసికొనును, అయినను బడి గంట మ్రోగును. చేతితో ఇచ్చునది చేయి ఉన్నంతవరకే. పంతులు 1938 ఏప్రిలు 11వ తేదీన దివంగతుడయ్యెను. దానికి రెండేండ్ల ముందు, 1936లో, అమృతాంజనము పబ్లికు లిమిటెడు కంపెనీ యయ్యెను. మైలాపూరులోని ఆయన నివాసమైన శ్రీబాగులో 1937 నవంబరు 16వ తేదీన రాయలసీమ, కోస్తా నాయకులు కూర్చుండి ఆంధ్రరాష్ట్రమును గూర్చి ఒడంబడిక వ్రాసికొనిరి. ఆ యింటి తలుపులు ఆయన ఉన్నంతవరకు ఎల్లవారికిని తెరచియుండెను. ఆయన అనంతరము అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు పత్రికలను మూడు దశాబ్దులకు పైగా నిలబెట్టిరి. 1991లో "ఆంధ్ర పత్రిక" ఆగిపోయెను. "భారతి"యును అంతే. అమృతాంజనము మాత్రము నిలిచెను. డిగ్నాబాదులోని కిటికీ గూటిలో సీసా ఉన్నది, పత్రిక లేదు. లాభమిచ్చునది బ్రతికినది, లాభముచే పోషింపబడినది చచ్చినది. ఈ లోపమును పంతులు లోపమని చెప్పుటకు నాకు నోరు రాకున్నను, చెప్పకుండుట న్యాయము కాదు. పత్రికకును గ్రంథమాలకును ఒక శాశ్వతనిధిని ఏర్పరచి, దానిని కుటుంబమునుండియు, వ్యాపారమునుండియు విడదీసియున్న యెడల, నేడు మనము పాత "భారతి" సంచికలకై పుస్తకశాలల దుమ్ములో వెదకవలసిన అవస్థ తప్పియుండునేమో.

మరియొక మాట. ఆయన పత్రికలయందు అమృతాంజన ప్రకటనలు నిండుగా ఉండెడివి. దానము వ్యాపారమునకు ప్రకటనయై, వ్యాపారము దానమునకు పోషణయై, ఏది దేనికి సేవ చేయుచున్నదో విడదీయరానంతగా అల్లుకొనిపోయినవి. ఇది కపటమని అనువారు కలరు. నేను ఒప్పుకొనను. దేవాలయము కట్టించిన రాజు ధ్వజస్తంభము ప్రక్కన శాసనము చెక్కించుకొనును, సత్రము కట్టించిన శెట్టి గోడపై తన పేరు వ్రాయించుకొనును. అంతకంటె తలనొప్పి మందు బొమ్మ వేసికొనుట నిజాయితీ గల పని. ఆ బొమ్మ దిగువన ఎవరికి కావలసిన వార్త వారు చదువుకొనవచ్చును.

ఈ దీవికిని పుస్తకమునకును గల సంబంధము తెలిసినవారికి, పంతులు చేసిన పని ఎంత విలువైనదో ఎక్కువగా చెప్పనక్కరలేదు. ఆయన "భారతి"ని నడుపుచున్న ఆ కాలముననే, ఇదే ఊరిలోని సెల్యులార్ జైలు గదులలో తెలుగువారు కలరు. రంప పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాము మల్లుదొర కలడు. 1952లో ఆయనను విశాఖ ప్రజలు లోకసభకు పంపిరి. కాకినాడ కుట్రకేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరం వేంకటాచారి కలడు. 1933లో ఆ జైలులోని రాజకీయ ఖైదీలు నిరశనవ్రతము పూనిరి. వారు కోరినవానిలో తినదగిన ఆహారముతోపాటు, చదువుకొనుటకు వెలుతురు, పుస్తకము, పత్రిక ఉండెను. ఆ వ్రతమున మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్ర అను మువ్వురు మరణించిరి. దీపమును పుస్తకమును దక్కుటకు అంత వెల చెల్లింపవలసి వచ్చెను. చెన్నపట్టణమున రెండణాలకు దొరకు వస్తువునకు ఈ దీవిలో నాటి వెల అది.

నేడు ఈ ద్వీపములలోని పాఠశాలలలో బోధనాభాషలు ఐదు: హిందీ, ఆంగ్లము, వంగము, తమిళము, తెలుగు. జంగ్లీఘాటున వలలు సరిచేయు బెస్తవారి పిల్లలకును, డిగ్నాబాదు ఉద్యోగుల పిల్లలకును తెలుగు అక్షరము బడిలో దొరకుచున్నది. బడి విడిచిన తరువాత తెలుగులో చదువుటకు ఏమి దొరకునన్న ప్రశ్న మా ఆతిథేయుల మనుమనిని అడిగితిని. వాడు పదునాలుగేండ్లవాడు. తన సెల్‌ఫోను చూపించి నవ్వెను. వాని నాయనమ్మ ఆ నవ్వు చూచి, "మా ఊర్ల పేపరొచ్చీది బాబూ, మాస్టారు సదివీవోరు, మేమంతా కూకుని ఇనీవోళ్లం" అనెను. ఆమె చెప్పిన పేపరు ఏదో నేను అడుగలేదు.

ఇంత దూరము వచ్చి ఈ దీవిలో చేపలవలనను, సరకులవలనను, ఇండ్ల నిర్మాణమువలనను నాలుగు రూకలు వెనుక వేసికొన్న తెలుగు వర్తకులు కలరు. వారిలో దాతృత్వము లేదని నేను ఎంతమాత్రమును అనను. గుళ్లు కట్టిరి, ఉత్సవములు చేయుచున్నారు, ఆపదలో చందాలు వేసికొనుచున్నారు. వారికి నాదొక విన్నపము. డిగ్నాబాదులో గాని, జంగ్లీఘాటున గాని ఒక గది అద్దెకు తీసికొని, రెండు బల్లలు, పది కుర్చీలు, నాలుగు తెలుగు పత్రికలు, ఒక బీరువా పుస్తకములు పెట్టుడు. నాయకరు వలె దానికి ఒక దస్తావేజు వ్రాయుడు. మీ తరువాత మీ పిల్లలు దానిని అమ్ముకొనుటకు వీలు లేకుండవలెను. పంతులు వలె చందా పెట్టుడు. నెలకు ఐదు రూపాయలే కానిండు, చేపలు పట్టువాని పిల్లవాడే కానిండు, చందా మాత్రము తీసికొని, రసీదు ఇచ్చి, వాని పేరు పుస్తకములో వ్రాసికొనుడు.